పసుపు బస్తాకున్న భాగ్యం

ఈ రోజుల్లో మనిషిగా పుట్టడం శుద్ధ దండగ! పుడితే గిడితే పసుపు బస్తాగా పుట్టాలి. అదీ మా కొండల్లో పుట్టి, మా జలాశయం రేవులో లాంచీ ఎక్కాలి. ఏమిటీ పిచ్చి వాగుడు అంటారా? అరకు అనగానే బొంగు చికెన్, కాఫీ, అద్దాల రైలు తప్ప మీకింకేం తెలుసు గనుక!

సరే, వినండి. ఎప్పుడో కట్టిన డ్యామ్ వల్ల కొండల నడుమ నీళ్లు నిండిపోయాయి. అవతలి గట్టున తొమ్మిది ఊళ్లు మిగిలాయి. వాళ్లు సంతకి రావాలన్నా, ఆస్పత్రికి రావాలన్నా నాటుపడవే గతి. ఓ ఏడాది ఒక పడవ బోల్తా కొట్టింది. దాంతో జనం క్షేమం కోరి పెద్దలు నాటుపడవలన్నీ నిషేధించారు. జనం క్షేమంగా అవతలే ఉండిపోయారు.

ఆ తర్వాత రేవు కట్టారు. అబ్బో, ఏం రేవు! రెండు గట్లా సిమెంటు ప్లాట్‌ఫారాలు, ఎలక్ట్రానిక్ కాటాలు, గోడౌన్లు, సీసీ కెమెరాలు, జీపీఎస్ ఉన్న లాంచీ, శుక్రవారం సంత వేళకి అరకు చేర్చే వ్యాను. బస్తా తడవకుండా టార్పాలిన్, దొర్లకుండా మోకులు. మిరియాలకి చెమ్మ తగిలిందేమో చూడ్డానికి ఒక మిషను కూడా ఉంది. దానికి నాడి చూసే మిషను అని ఊళ్లో పేరు.

బోర్డు మాత్రం ఒకటే. ‘సరుకులకు మాత్రమే. మనుషులు ఎక్కరాదు.’ ఇందులో తప్పేముందండీ? మనిషి ఊరుకోడు. ఎండంటాడు, వానంటాడు, లాంచీ ఎందుకు ఆలస్యమైందంటాడు. పైగా ఓటొకటి! బస్తాకి ఇలాంటి జబ్బులేవీ లేవు.

ఈ సంగతి అందరికన్నా ముందు అర్థమైనది కొర్రలగుడ కనకకి. అవతలి గట్టున పసుపు, అల్లం పండించుకునే పిల్ల. తొమ్మిదో నెల. కిందటి నెల కాలినడకన వెళ్లి తీయించుకున్న స్కానింగులో బిడ్డ అడ్డంగా ఉందని తేలింది. శుక్రవారం దాటకుండా అరకు ఆస్పత్రిలో చేరకపోతే ఇద్దరికీ ప్రమాదమని ఆశా కార్యకర్త బేబి తలుపు దగ్గర నిలబడి మరీ చెప్పి వెళ్లింది. కొండ చుట్టూ నడిస్తే రెండు రోజులు. మొగుడు ధర్మ డోలీ కడతానన్నాడు. వాన పట్టిన ఆ జారుడు దారిలో, అడ్డం తిరిగిన బిడ్డతో డోలీయా! కనక వద్దంది. భయపడుతూ కూర్చుంటే మాత్రం బిడ్డ తిన్నగా తిరుగుతుందా? శుక్రవారం పొద్దున్నే, పసుపు బస్తాల వెనకే తనూ రేవుకి నడిచింది.

లాంచీతో పాటు అటూ ఇటూ తిరిగే గుమస్తా వరహాలరావు ఆమెని చూసి తల పట్టుకున్నాడు. విజయనగరం వైపు మనిషి, మనసు మెత్తన.

“ఏటమ్మా ఇది? మనుషుల్ని ఎక్కిత్తే నా ఉజ్జోగం ఊడిపోద్ది.”

“పసుపు ఎక్కుతాది గదా బాబూ?”

“ఎక్కుద్ది.”

కనక పొట్ట పట్టుకుని, నెమ్మదిగా కాటా మీదికెక్కి కూర్చుంది. కాటా యాభై ఎనిమిది కిలోలు చూపించింది.

“పసుపని రాయండి బాబూ. నాకు అడ్డం బిడ్డ.”

వరహాలరావు కాటా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, నీళ్ల వైపు చూశాడు. చివరికి గొంతు తగ్గించి, “నానూ వారం వారం స్పేర్ పార్టని రాసుకునే వత్తన్నానమ్మా,” అన్నాడు. పెన్ను తీశాడు.

ప్యాకింగు లేని సరుకు ఎక్కించకూడదని రూలు. వానకి కప్పుకున్నట్టే కనక నెత్తిన గోనెసంచి వేసుకుంది. రూలు తృప్తి పడింది. ధర్మని అల్లం కింద రాశారు. మట్టి దులుపుకోలేదని గ్రేడు తగ్గించారు.

ఇక చూడండి ఆమె వైభోగం! ‘తడవరాదు, తలకిందులు చేయరాదు’ అని చీటీ అంటించారు. టార్పాలిన్ కప్పారు. డ్రైవరు అప్పారావు కుదుపు రాకుండా నీళ్ల మీద మెల్లగా నడిపాడు. వ్యాను ఆస్పత్రి గేటు ముందే ఆగింది. ‘మీ పసుపు క్షేమంగా అరకు చేరినది’ అని ధర్మ ఫోనుకి మెసేజి వచ్చింది. పక్కనే కూర్చున్న పెళ్లాం చేతిని అతను అప్పటికీ వదల్లేదు.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు.

ఆస్పత్రి మంచం మీద కనక తన రసీదు తీసి చదివించుకుంది. కింద సన్నక్షరాల్లో ఒక ముక్క ఉంది. ‘దారిలో సరుకుకు ఏ హాని జరిగినా పూర్తి బాధ్యత మాదే.’ మళ్లీ చదవమంది. ఇరవై రెండేళ్ల బతుకులో ఆమె బాధ్యత తమదేనని ఎవరైనా రాసిచ్చిన మొదటి కాగితం అది. అంతకుముందు ఆధార్ ఇచ్చారు, రేషన్ కార్డు ఇచ్చారు, ఓటు కార్డు ఇచ్చారు. అవన్నీ ఆమె ఎవరో చెప్పాయిగానీ, ఆమెకేమైనా అయితే ఎవరిని అడగాలో ఒక్కటీ చెప్పలేదు. ఆ రసీదుని మడిచి జాకెట్లో దోపుకుంది.

రెండు వారాల తర్వాత ఇవతలి రేవులో రేషన్ బియ్యం ఎక్కిస్తున్నారు. వరహాలరావు పసిపిల్లని రెండు చేతులా అందుకుని, తన కండువా పరిచి కాటా మీద పడుకోబెట్టాడు. మూడు కిలోల ముప్పావు.

“బంగారంలాగుంది గుంట,” అన్నాడు మురిసిపోతూ. “ఏటని రాయమంటావమ్మా? పేరెట్టారా?”

“పేరు ఇంటికెళ్లాక పెడతాం బాబూ. ఇప్పటికి మిరియాలని రాయండి,” అంది కనక. “మనిషని రాస్తే దింపేస్తారు.”