రెండు తాళాల శాస్త్రీయ విధానం

పెడన అద్దకందారుల సర్వసౌభాగ్య సంఘంలో గుడ్డల నిల్వ అంకె ఇకమీదట తప్పబోదని, ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు సగర్వంగా ప్రకటించారు. ఆ మాట విని అందరికంటే ఎక్కువ సంతోషించినది కరీమున్నీసా. అంతకుముందు అంకె తప్పినది ఆమె విషయంలోనే.

సంఘానికి రెండు కిటికీలు, నడుమ ఒక నల్లబల్ల. లోపల ఎన్ని తానులున్నదీ బల్లమీద రాసి ఉంటుంది. ఒక కిటికీలో జ్ఞానయ్య, రెండో కిటికీలో నిజాముద్దీన్ గుడ్డ ఇస్తారు. ఒకనాడు బల్లమీద ‘ఒకటి’ అని ఉండగా ఇద్దరూ ఒకేసారి చూసి, ఆ ఒక్క తానునే ఇద్దరికి మంజూరు చేశారు. తాను పొరుగువీధివారికి దక్కింది. మంజూరు కరీమున్నీసాకు దక్కింది.

ఈసారి అలా జరిగితే ఆమెకు గడవదు. బందరు వర్తకుడికి దుప్పట్లు అద్ది ఇవ్వాలి. రంగు కాచి సిద్ధంగా ఉంచింది. అది పులిసేలోగా గుడ్డ చేతికి రాకపోతే బేరం మరొకరికి పోతుంది.

అధ్యక్షులు పున్నయ్యగారు బందరు నుంచి లెక్కల లెక్చరరు దేవదానంగారిని రప్పించారు. ఆయన మద్రాసులో శిక్షణ పొంది కంప్యూటరు భాష నేర్చి వచ్చినవారు. కంప్యూటరును చూసినవారే చుట్టుపక్కల లేరు కనుక, ఆయనను కాదనగలవారు అసలే లేరు.

“యంత్రంలో పని అనేక పోగులుగా సాగుతుంది,” అని ఆయన ఉపన్యసించారు. “రెండు పోగులు ఒకే అంకెపై ఒకేసారి చేయి వేస్తే అంకె చెడుతుంది. కనుక అంకెను తాకబోయే పోగు ముందుగా తాళం చేజిక్కించుకోవాలి. పని ముగిసేదాకా వదలరాదు.”

పోగుల సంగతి పెడనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. సభ్యులు తక్షణం ఆమోదించారు. ఒక తాళం మేలు చేస్తే రెండు మరింత మేలు చేస్తాయని తర్కించి, పున్నయ్యగారు నల్లబల్లకు తలుపులు పెట్టించి వాటికొక తాళం, సుద్దముక్కల పెట్టెకొక తాళం వేయించారు. అంకె మార్చనిదే గుడ్డ కదలరాదని తీర్మానించారు.

మొదటి ఉదయమే జ్ఞానయ్య బల్ల తాళంచెవిని, నిజాముద్దీన్ పెట్టె తాళంచెవిని అందుకున్నారు. ఆపైన ఇద్దరూ రెండో తాళంచెవి కోసం మర్యాదగా నిరీక్షించారు.

“జ్ఞానయ్యన్నా, ఆ చెవి నిజాముద్దీన్ తమ్ముడికిచ్చెయ్యరాదూ?” అంది కరీమున్నీసా.

“పని కాకుండా వదిల్తే రూలు తప్పినట్టమ్మా. ఆయన్నే వదలమను.”

“రూలు నేనూ విన్నానండీ,” అన్నాడు నిజాముద్దీన్.

కబురందుకుని దేవదానంగారు మళ్లీ బస్సెక్కి వచ్చారు. చూసి ఆనందించారు. ఇట్టి స్థితికి శాస్త్రంలో ప్రత్యేకంగా ఒక పేరే ఉన్నదన్నారు.

“పేరుంటే ఉందిలెండి. విడిపించేదెట్లాగండీ?” అంది కరీమున్నీసా.

ఆ పాఠం శిక్షణలో చివరిరోజుకు ఉంచారట. ఆ రోజు కాస్తా ముగింపు సభకు, పూలదండలకు, గ్రూపు ఫోటోకు సరిపోయిందట.

రంగు పులిసింది. వర్తకుడు వేరే ఇంటి గడప తొక్కాడు.

ఆ తరువాత బందరు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. సభ్యులందరి ఎదుట జ్ఞానయ్య తలుపులు తెరిచి బల్ల చూపించాడు. లోపలి తానులకూ బల్లమీది అంకెకూ వీసమెత్తు తేడా లేదు. సంఘం పుట్టాక ఇటువంటిది ఇదే ప్రథమం. అధికారి చలించిపోయారు.

“మా కచేరీలో తాతలనాటి నుంచి ఇదే పద్ధతి పాటిస్తున్నాము. దీనికి శాస్త్రాధారం ఉన్నదని మాత్రం నేడే తెలిసింది,” అన్నారు.

సభ చప్పట్లతో మారుమోగింది. చేతులకు వేరే పనేమీ లేకపోవడం వల్ల కరీమున్నీసా అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.