కేసెట్టులో ఒక వైపు

ఆ రోజు ఉదయం ఎలీషా వేసుకున్న పథకం చిన్నదే. బాగుచేయించి తెచ్చిన ఆంప్లిఫయరుకు మైకు గొట్టం తగిలించి, డాబా మీద వీధి వైపు తిప్పి, పాత సినిమా పాటల కేసెట్టు ఒక వైపు మొత్తం మోగించాలి. ఎవరైనా ఒక్కరు, గుమ్మంలో నిలబడైనా సరే, ఆ ముప్పావుగంటా వినాలి. భార్య స్వర్ణ పోయిన ఈ ఆరేళ్లలో అతనితో కూర్చుని పాట విన్న మనిషి లేడు.

చీపురుపల్లిలో అతన్ని మైకు ఎలీషా అంటారు. పాతికేళ్లు పెళ్లిళ్లకు పాటలు వేశాడు. తర్వాత గిరిబాబు డీజే పెట్టెలు తెచ్చాడు. గుండె అదిరితేనే పాట అనే కాలం వచ్చింది. పాత పాటలు ఇప్పుడు చావు ఇంటికి తప్ప ఎవరూ అడగరు. పొద్దున్నే ఏ ఇంటి మీదనుంచైనా పాత ఏడుపు పాట వినబడితే ఆ ఇంట్లో ఎవరో పోయారనే అర్థం. ఎలీషాకు ఇది తెలియనిది కాదు. కానీ అతనికి నచ్చినవన్నీ ఏడుపు పాటలే.

కేసెట్టు వేశాక, మైకువాళ్ల అలవాటు ప్రకారం, పాట ఎంత దూరం వినిపిస్తుందో చూడడానికి పెరటి దారిన బయలుదేరాడు. వీధి తలుపు లోపల గడియ అలాగే ఉంది. రైల్వే గేటు దాటాక కూడా పాట తేటగా వినబడింది. మురిసిపోయాడు. ఇంతలో గేటు పడింది. గూడ్సు బండి వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఇక్కడ పక్కింటి పద్మకుమారి రెండో పాటకే వచ్చి తలుపు తట్టింది. మూడో పాటకు వెళ్లి మొగుడు గంగరాజును లేపింది.

"లోపల గడియేసున్నాది. పలకట్లేదు. ఎలీషన్నయ్య పోనాడు."

"మరి పాట ఎవులేసినారు?"

"తనే ఏసుకున్నాడు. మనకి శ్రమ ఎందుకని."

గంగరాజుకు ఇది సబబుగా తోచింది. పాస్టరు జ్ఞానానందం గారికి ఫోన్ చేశాడు. ఆయన చర్చి గంట కొట్టించి వచ్చారు. గంట విన్న గిరిబాబు ఆటోలో షామియానా, కుర్చీలు తెచ్చి వేసేశాడు.

"తలుపు బద్దలుకొట్టీమంటారా అయ్యగారూ?" అన్నాడు.

"పాటలు అవ్వనీ నాయనా. ఆఖరి కోరికలాగున్నాది. సెల్లులు కట్టీసి కూర్సోండి అందరూ."

వీధంతా కూర్చుంది.

గేటు ఎత్తాక తిరిగొచ్చిన ఎలీషా షామియానా చూడగానే సంగతి గ్రహించాడు. పిలవబోయి ఆగాడు. గంగరాజు కళ్లు తుడుచుకుంటున్నాడు. గిరిబాబు, ఆ గిరిబాబే, మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు. ఇంకా రెండు పాటలున్నాయి. ఎలీషా చప్పుడు చేయకుండా అందరి వెనకా నిలబడ్డాడు.

కూరగాయల సైకిలు మనిషి పక్కకొచ్చి ఆగాడు.

"ఎవులు పోనారు బావా?"

"మైకు ఎలీషాట. మాటాడకు, ఇను."

"మంచోడేనా?"

"పాటలు మంచివి."

పాటలు అయిపోయాయి. పద్మకుమారి వెనక్కి తిరిగి చూసింది.

"బతికే ఉన్నావా అన్నయ్యా?" అంది. ఆ గొంతులో సంతోషం కంటే నిష్ఠూరమే ఎక్కువ.

"గేటు పడిపోనాదమ్మా," అన్నాడు ఎలీషా, తప్పు చేసినవాడిలా.

"ముందే సెప్పొచ్చు గదా," అన్నాడు గంగరాజు. "టిఫినీలు మానీసి కూర్సున్నాం."

"ఇప్పుడేటైనాది? కుర్సీలున్నాయి. టీ పెడతాను. రెండో వైపు ఇంకా బాగుంటాది, కూర్సోండి."

వద్దని ఎవరూ అనలేదు. ఒకరికి బ్యాంకు పని గుర్తొచ్చింది, ఇంకొకరికి రాజాం బస్సు. పది నిమిషాల్లో కుర్చీలు మాత్రమే మిగిలాయి. గిరిబాబు వాటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆటోలోకి ఎక్కించాడు. అందరికంటే చివర బయలుదేరిన పాస్టరు గారు ఎలీషా భుజం తట్టి, ఆ రెండో వైపు అరిగిపోకుండా దాచమన్నారు, అసలు రోజున పనికొస్తుందని.