పట్టణ ప్రథమ హృదయం

గుడివాడ ఉదయపు నడక మిత్రమండలి సభ్యులకు తెలియజేయడమేమనగా, ఈ ఏటి కొలెస్ట్రాల్ ఫలితాలు వెలువడ్డాయి. 3.1 నిష్పత్తితో భాస్కరరావుగారు పట్టణ ప్రథములుగా నిలిచారు. మొత్తం కొలెస్ట్రాల్‌ను మంచి కొలెస్ట్రాల్‌తో భాగిస్తే వచ్చే అంకె అది. ఎంత తక్కువైతే గుండెకు అంత మేలు. ఫలితాలన్నాక ఫ్లెక్సీ ఉండాలి గనుక కాలేజీ గ్రౌండు గేటుకు కట్టారు. మధ్యలో ఆయన నిలువెత్తు ఫొటో, చుట్టూ చిన్న చిన్న గుండ్రాల్లో 3.8లు, 4.2లు. అయిదు దాటినవాళ్ళ ఫొటోలు వేయలేదు, పిల్లల పెళ్ళిసంబంధాలు చెడతాయని.

భాస్కరరావుగారు ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. రిపోర్టు అందిన రోజే బీపీ మాత్రలు మానేశారు. రోజుకు నాలుగు సిగరెట్లు ఏడయ్యాయి. నాన్నగారు యాభై ఆరో ఏట గుండెపోటుతో పోయిన సంగతి భార్య త్రిపురసుందరి ఎత్తితే, ఆ రోజుల్లో నిష్పత్తులు కట్టేవారు కాదని సెలవిచ్చారు. వారంగా మేడమెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. 3.1 వచ్చిన మనిషికి గుండెనొప్పి గణితవిరుద్ధం కాబట్టి దానికి గ్యాస్ అని పేరు పెట్టారు.

సన్మానసభలో ద్వితీయస్థానం పొందిన రైసుమిల్లు శివరామయ్యగారు శాలువా కప్పారు. భాస్కరరావుగారు మైకందుకున్నారు. "సోదరులారా! గుండె ఒక భిన్నం. లవం తగ్గించండి, హారం పెంచండి! మిగతాదంతా డాక్టర్ల బెదిరింపు..."

ఎడమచెయ్యి లాగేసింది. ఒళ్ళంతా చెమటలు. ఆనందబాష్పాలకు ముందు ఘట్టమనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయనకు నిజంగానే భయమేసింది, చచ్చిపోతానేమోనని. అయినా ఎదురుగా ఫ్లెక్సీ పెట్టుకుని స్టేజీ దిగడమెలా?

"చాల్లెండి మీ లెక్కలు! దిగండి ముందు!" త్రిపురసుందరి ముందువరసలోంచి లేచి వచ్చింది. "ఆటో పిలవండయ్యా ఎవరైనా!"

ఆస్పత్రిలో రెండు స్టెంట్లు వేసి బతికించారు.

"నిష్పత్తి బాగుంటే మంచిదే మాస్టారూ, కాదనను," అంది డాక్టరు వినీల. "కానీ బీపీ, సిగరెట్లు, షుగరు, మీ నాన్నగారి జబ్బు, అన్నీ కలిపి చూడాలండీ. మీరు ఒక్క పేపర్లో వందకి వంద తెచ్చుకుని, మిగతా పరీక్షలు ఎగ్గొట్టారు."

భాస్కరరావుగారు బుద్ధిగా తలూపారు. భార్య చెయ్యి పట్టుకుని ఏడ్చారు కూడా. ఇక ర్యాంకుల జోలికి పోనని ఒట్టేశారు.

మూడోరోజు మిత్రమండలి యావత్తూ బందరు లడ్డూలతో పరామర్శకు వచ్చింది. డాక్టరు చెప్పిందంతా త్రిపురసుందరి పూసగుచ్చినట్టు వివరించింది. అందరూ శ్రద్ధగా విన్నారు.

"ఇంతకీ స్టెంట్లు ఎన్ని వేశారు చెల్లెమ్మా?" అన్నారు శివరామయ్యగారు.

"రెండన్నయ్యగారూ."

"రెండేనా? మా బావమరిదికి మొన్న నాలుగు వేశారు!"

మిత్రులంతా జాలిగా మంచం వైపు చూశారు. భాస్కరరావుగారి మొహం వాడిపోయింది. సాయంత్రం వినీల రాగానే భార్యకు వినపడకుండా మెల్లిగా అడిగారు:

"ఇంకో మూడు వేయడానికి ఎక్కడైనా చోటుందేమో చూస్తారా అమ్మా?"