కారుకి ఆయాసం

ఆవిడని ఇంట్లో అందరూ గాభరమ్మ అనేవారు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే మూడో నిమిషానికల్లా ఆస్పత్రుల నంబర్లు వెతికే మనిషికి వేరే పేరు ఎలా అతుకుతుంది?

అలాంటి మనిషికి కూతురు ఒక వార్త చెప్పింది. సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాలి, అదీ కొండదారి దాటి, అదీ రోజూ, అదీ కారు తనే నడుపుకుంటూ. మొదటి ‘అదీ’ దగ్గరే గాభరమ్మ కూలబడింది. మిగతావి నేలమీదే విన్నది.

అదృష్టంకొద్దీ కారుకి అప్పటికే జబ్బు చేసి ఉంది. డీజిల్ కారు. వీధుల్లో తిప్పినంతసేపూ బుద్ధిగా ఉండేది. ఎత్తెక్కుతూ గట్టిగా తొక్కితే మాత్రం పికప్ పడిపోయి, నల్లటి పొగ వదిలి, మూడంతస్తుల మెట్లెక్కిన ముసలాయనలా రొప్పేది. కాలు తీస్తే మళ్ళీ మామూలే.

“బస్సులో వెళ్ళు తల్లీ,” అంది గాభరమ్మ.

“రెండు గంటలమ్మా. అందులో గంటన్నర నిలబడే.”

“నిలబడితే ఆరోగ్యం.”

మొగుడుగారు మాత్రం ఊరుకోలేదు. డీజిల్లో నీళ్ళు కలిశాయని తేల్చి, ఫిల్టరు తనే మార్చి, చొక్కా నిండా నూనె పూసుకుని వచ్చారు.

“తగ్గిందాండీ?”

“తగ్గుతోంది.”

“ఏది? జబ్బా, పికప్పా?”

ఆయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

శనివారం తండ్రీకూతుళ్ళు కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తుంటే గాభరమ్మా బయల్దేరింది. ఆవిడ పథకం ఆవిడకుంది. షెడ్డులో మెకానిక్‌ని పక్కకి పిలిచింది.

“బాబూ, ఈ బండి దూరాలకి పనికిరాదని ఒక్క మాట అను. నీకు పుణ్యముంటుంది.”

“లోపమేంటో తెలియకుండా ఎలా అంటానమ్మా?” అని అతను ఒక మిషను తెచ్చి కారుకి తగిలించాడు. “గాలి తక్కువ అందుతోందని మిషను అంటోంది. ఎందుకో అనటంలేదు.”

“గాలితో పనేముంది? తాగేది డీజిలేగా?”

“ఇందులో టర్బో అని ఉంటుందమ్మా, ఇంజన్లోకి గాలి నెట్టే పంకా. ఆ గాలి ఉంటేనే బలం.”

టర్బో చూశాడు, బాగుంది. పైపులు చూశాడు, బాగున్నాయి. ఇంజను నడిపి చెవి పెట్టి విన్నాడు. “మిషనే తప్పు చెప్పినట్టుంది. అంతా బాగానే ఉంది. తీసుకెళ్ళండి సార్,” అన్నాడు.

గాభరమ్మ అతనికి అడ్డం వచ్చి నిలబడింది. “బాగుండటమేంటి బాబూ? కూర్చోబెట్టి చూస్తే కుంటితనం తెలుస్తుందా? ఎత్తెక్కించు. కాలు పూర్తిగా నొక్కు. అప్పుడు చూడు.”

నలుగురూ ఎక్కారు. మెకానిక్ కారుని వంతెన మీదికి తోలాడు. సగం ఎత్తు ఎక్కారో లేదో బండి రొప్పి, పొగ వదిలి, డీలా పడిపోయింది. వెనకాలే వస్తున్న లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టింది. గాభరమ్మ కళ్ళు మూసుకుని మొగుడి మోచేయి పిండేసింది. పిండుతూనే, “చూశారా, నేను చెప్పలేదూ?” అంది. అంత భయంలోనూ ఆ గొంతులో సంతోషం దాగలేదు.

షెడ్డుకి తిరిగి రాగానే ఆవిడ మరీ పట్టుబట్టింది. “వదలకు బాబూ. ముందునుంచి వెనకదాకా మొత్తం విప్పు.” జబ్బు బయటపడాలి, అది కుదరని జబ్బై ఉండాలి. ఆవిడ ఆశ అంతే.

“గట్టిగా తొక్కినప్పుడే ఆగుతోందంటే గాలి పీల్చే చోటే ఏదో ఉంది,” అన్నాడు మెకానిక్. “మెల్లగా పీలిస్తే దారిస్తోంది. గట్టిగా పీలిస్తే వచ్చి అడ్డం పడుతోంది.”

బానెట్ ఎత్తి, ముందువైపు గొట్టం ఊడదీసి, లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చాడు. బూడిదరంగు మేజోడు ఒకటి బయటికొచ్చింది. మెడ దగ్గర ముడి. లోపల కలరా ఉండలు.

“ఇది నాది,” అన్నారు మొగుడుగారు. “రెండు నెలలుగా దీనికోసం బీరువాలన్నీ తిరగేశాను. నా మతిమరుపన్నావు కదే?”

అందరూ ఆవిడవైపే చూశారు.

“ఎదురింటి కారులో ఎలుక దూరి వైర్లు కొరికేసిందట,” అంది గాభరమ్మ చీర కొంగు వంక చూస్తూ. “మన కారు చూస్తే అంత నోరు తెరుచుకుని ఉంది. ఎలుక దూరుతుందేమోనని...”

“ఎలుక దూరలేదమ్మా,” అన్నాడు మెకానిక్. “గాలి కూడా దూరలేదు.”

ఆవిడ చెవుల్లో లారీ హారన్ మళ్ళీ మోగింది. ఉద్యోగం వార్త విన్నప్పటినుంచీ ఈ కారు తన పిల్లని ఏం చేస్తుందోనని వణికింది. చేసింది తన చేతులే.

“ఇంకెక్కడైనా ఏమైనా పెట్టారా? ఇప్పుడే చెప్పెయ్యండి,” అన్నాడు మెకానిక్, మర్యాదగానే.

“వెనక పొగగొట్టంలో కూడా పెడదామనుకున్నాను,” అందావిడ నిజాయితీగా. “రెండో మేజోడు దొరకలేదు.”

గొట్టం బిగించి మళ్ళీ వంతెన ఎక్కిస్తే కారు ఎగిరినట్టు వెళ్ళింది. దిగాక గాభరమ్మ మెల్లగా గొంతు సవరించుకుంది.

“ఇప్పుడు మరీ జోరుగా పోతోందే. ఇది ఇంకా ప్రమాదం. బస్సే మేలు.”

కూతురు తల ఊపింది. “సరే అమ్మా. నువ్వింత బెంగపడుతుంటే నాకు కారెందుకు? బస్సులోనే వెళ్తాను. కారు నాన్న నడుపుతారులే.”

మొగుడుగారి ముఖం వెలిగిపోయింది. పెళ్ళాం వైపు తిరిగారు. “నేనూ అదే అనుకుంటున్నాను. రోజూ పొద్దున్నే నిన్ను కారులో మార్కెట్‌కి తీసుకెళ్తానే.”

గాభరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కిందటిసారి కారు వెనక్కి తీయబోయి ఇంటి గేటుని వీధిలోకి సాగనంపిన మనిషి. మాట్లాడితే ఎదుటివాళ్ళ ముఖం చూడకుండా ఉండలేడు, చేతిలో స్టీరింగు ఉన్నా సరే. మాట్లాడకుండా అసలే ఉండలేడు.

ఆవిడ ఆయన చేతిలోంచి తాళాలు లాక్కుని కూతురి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైన తన చెయ్యి వేసింది.

“నువ్వే తీసుకెళ్ళు తల్లీ. చేరగానే ఫోన్ చెయ్యి.”

“మరి బస్సో?”

“బస్సుల్ని నమ్మడానికి లేదమ్మా. ఎవరు నడుపుతారో ఏమో.”

కూతురు నవ్వు ఆపుకుని మెకానిక్ వంక చూసింది. పని అయిపోయినా అతను బానెట్ కిందినుంచి తల తియ్యలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.