ఈశాన్యంలో గాలి

ఆ శనివారం వాసవి పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసు తలుపు జానెడు తెరిపించాలి. అంతకుమించి ఆమెకి ఏ కోరికా లేదు.

టొరంటో తూర్పు కొసన స్కార్‌బరోలో కోదండరామ్ గారు కొత్తగా తీసుకున్న ఆఫీసులో ఆమె రిసెప్షనిస్టు. ఆ ఏడాది ఏ విమానం చూసినా మన పిల్లలే దిగుతున్నారు. గది ఎక్కడ దొరుకుతుందో, పార్ట్‌టైమ్ ఎవరిస్తారో, వర్క్ పర్మిట్‌కి ఎలా అప్లై చెయ్యాలో తెలియక తిరిగే ఆ పిల్లలకి సలహాలమ్మడం ఆయన వ్యాపారం. వాసవి భర్త మహీధర్ కూడా అలా దిగినవాడే. పగలు కాలేజీ, రాత్రి గోడౌన్. వాళ్ళ రెండేళ్ళ కొడుకు చింటుకి డేకేర్‌లో సీటు రాలేదు. "ఆఫీసుకే తెచ్చుకో అమ్మా, నువ్వు కాబట్టి ఒప్పుకుంటున్నాను" అని కోదండరామ్ గారు ఉదారంగా అన్నారు. ఆ ఉదారతని రోజుకోసారి గుర్తు కూడా చేసేవారు.

ఆఫీసులో అన్నీ కొత్తవే. గోడ నుంచి గోడకి తివాచీ, దాని కింద జిగురు, తడి ఆరీ ఆరని రంగు, చెక్కపొట్టు నొక్కి చేసిన బల్లలు. లోపల అడుగుపెడితే ముక్కులో సూది దిగినట్టుండేది. కిటికీలు చూడ్డానికే గాని తియ్యడానికి కావు. చింటు ఆ తివాచీ మీదే ఆడుకునేవాడు, అక్కడే పడుకునేవాడు. వారం తిరక్కుండా దగ్గు పట్టుకుంది. ఇంటికెళ్తే తగ్గేది, పొద్దున్న మళ్ళీ ఆఫీసుకొస్తే మొదలయ్యేది. ఈ మాత్రం అర్థం కావడానికి ఇంటర్ పాసవ్వక్కర్లేదు. వాసవి పాసవ్వలేదు కూడా. రెండో ఏడు మధ్యలోనే పెళ్ళి చేసేశారు.

"సార్, తలుపు కాస్త తీసి పెడదాం సార్. పిల్లాడు ఊపిరాడక దగ్గుతున్నాడు."

"బయట మైనస్ ఇరవై అమ్మా! హీటింగంతా రోడ్డు మీద పోస్తావా?"

"ఈ వాసనకి నాకూ తల పగిలిపోతోంది సార్."

"అది కొత్త వాసన. కొత్త కారు కొన్నవాడు అద్దాలు దించుకుని తిరుగుతాడా? ఇది కెనడా. ఇక్కడ గాలి కూడా చెక్ చేసే వదులుతారు. నాలుగక్షరాలు చదువుకునుంటే నీకే తెలిసేది."

ఆ చివరి మాట వాసవి మింగింది. మింగినవన్నీ అరగవు.

పది గంటలకి ఉచిత మీటింగు మొదలైంది. ఇరవైమంది పిల్లలు తివాచీ మీద కూర్చున్నారు. కోదండరామ్ గారు తాను కెనడా వచ్చిన కొత్తలో పడ్డ కష్టాలు చెప్పడం ఎత్తుకున్నారు. పావుగంటకి ముందు వరసలో రేవంత్ అనే కరీంనగర్ కుర్రాడి కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. తర్వాత వాడి పక్కవాడికి. ఆ తర్వాత మొత్తం వరసకి.

కోదండరామ్ గారు చలించిపోయారు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఈ కష్టాలు చెబుతున్నారు. ఇంతవరకూ సొంత పిల్లలు కూడా ఏడవలేదు.

"ఏడువు బాబూ, ఏడువు. అమ్మ గుర్తొచ్చిందా?"

"లే సార్. కండ్లు మండుతున్నయ్."

"ఏడిస్తే మండవూ మరి!"

కోదండరామ్ గారి భార్య హైమావతి ఇదంతా ఫోనులో వీడియో తీసి, సాయంత్రానికల్లా తెలుగువాళ్ళ గ్రూపులన్నిటిలోనూ పెట్టింది. మర్నాటి నుంచి ఫోనుకి తీరిక లేదు. ఇంత మందిని ఏడిపించగల కన్సల్టెంటు టొరంటోలో ఇంకొకడు లేడని పేరొచ్చింది.

మరుసటి శనివారం ఇంతకు మూడింతల జనం వస్తారని తెలిసి హైమావతి ఏర్పాట్లు చేసింది. జనం అంటే చెమట వాసన కదా. ప్లగ్గున్న చోటల్లా రూమ్ ఫ్రెషనర్ గుచ్చింది. ఒకటి మల్లె, ఒకటి నిమ్మ, ఒకటి సముద్రం అట. జిగురు కంపు అలాగే ఉంది. దాని నెత్తిన పూలు పెట్టినట్టయింది. చింటు దగ్గీ దగ్గీ పాలు కక్కుకున్నాడు.

వాసవి పిల్లాణ్ణి చంకనేసుకుని తిన్నగా వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది. హైమావతి వెనకాలే వచ్చి మూసింది.

"ఏమ్మాయ్, పిల్లాణ్ణి రానిచ్చిందే గొప్ప. పైగా పెత్తనం కూడానా?"

"ఆంటీ, మీ మనవడైతే ఇలాగే మూస్తారా?"

"మా మనవడు ఆఫీసులో ఎందుకుంటాడే?"

వాసవి పిల్లాడి మూతి తుడిచి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. కోపం మాత్రం బోలెడుంది. ఈ ఉద్యోగం మానేస్తే అద్దెకి దిక్కులేదు, మానకపోతే పిల్లాడి గుండెల్లో పిల్లి కూతలు ఆగవు. ఇంత పెద్ద దేశంలో జానెడు తలుపు సందు కోసం ఒక తల్లి కాళ్ళావేళ్ళా పడాలా అని ఒళ్ళు మండిపోయింది.

శనివారం వచ్చింది. గది కిక్కిరిసింది. పిల్లలు కూర్చోకముందే ఏడవడం మొదలెట్టారు. కోదండరామ్ గారు "మిత్రులారా" అని నోరు తెరిస్తే గొంతు రాలేదు. హైమావతికి కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడింది. తలుపు మూసినందువల్ల అని ఆవిడకి తోచలేదు. వీడియోని వేలమంది చూశారు, అన్ని వేల కళ్ళు పడ్డాయి అని తోచింది.

"దిష్టండీ! ఘోరమైన దిష్టి!"

అంటూనే లేచి, బొగ్గులు రాజేసి, గుప్పెడు సాంబ్రాణి పోసి, గది నాలుగు మూలలా పొగ పట్టింది. కమ్మని పొగ పైకి లేచి, మరో దారి లేక, పైకప్పుకి ఉన్న పొగ అలారం దగ్గరికి వెళ్ళింది.

మొత్తం భవనం కూత పెట్టింది. పై అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్న పెద్దమనిషి తెరిచిన నోటితోనే మెట్లు దిగి వచ్చాడు. ఇన్‌కంటాక్స్ లెక్కలు కట్టేవాళ్ళు, జుట్టుకి రంగేసుకుంటున్న ఆడవాళ్ళు, ఏడుస్తున్న అరవైమంది పిల్లలు అందరూ మంచులో నిలబడ్డారు. రెండు ఫైరింజన్లు వచ్చాయి. ఆరడుగుల ఫైరాఫీసరమ్మ దిగి, ఇంగ్లీషులో అడిగింది: "ఇక్కడ ఇన్‌చార్జ్ ఎవరు?"

కోదండరామ్ గారి కళ్ళ ముందు ఫైను కనబడింది. ఆయన చప్పున పక్కకి జరిగి వాసవిని ముందుకి తోశారు.

"షీ ఈజ్ ద మేనేజర్, మేడమ్. ఎవ్రీథింగ్ షీ ఓన్లీ."

వాసవి ఆయన వంక చూసింది. నిన్నటిదాకా తలుపు తియ్యడానికి పనికిరాని మనిషి ఇప్పుడు మేనేజరు. చింటు ఆమె భుజం మీద చల్లగాలి పీల్చుకుంటూ, ఆ పొద్దున్న మొదటిసారి దగ్గకుండా ఉన్నాడు.

"యెస్," అంది వాసవి. "మేనేజర్. నేనే."

ఆఫీసరమ్మ లోపలికి నడిచింది. ముక్కు మూసుకుంది. మల్లె, నిమ్మ, సముద్రం మూడూ తనే పీకేసింది. చుట్టూ చూసి, ఈశాన్యం మూల గోడకి ఆనించి పెట్టిన దేవుడి మందిరం దగ్గర ఆగింది.

"బూట్లు! బూట్లు విప్పమనవే!" అని గుమ్మంలోంచి హైమావతి కేక పెట్టింది.

"దీని వెనక ఏముంది?" అని ఆఫీసరమ్మ వాసవినే అడిగింది.

"కదపకు! స్వామిని కదిపితే అరిష్టం!"

"పిల్లాడికి ఊపిరాడకపోతే అరిష్టం కాదా ఆంటీ?" అని వాసవి చింటుని రేవంత్ చేతికిచ్చి, దణ్ణం పెట్టుకుని, మందిరాన్ని తనే ఎత్తి బల్ల మీద పెట్టింది.

వెనక గోడలో పెద్ద ఇనప జాలీ. దాని నిండా థర్మోకోల్ ముక్కలు కుక్కి, పైన ప్యాకింగ్ టేపు అంటించి ఉంది.

"దాంట్లోంచి ఈదురుగాలి వచ్చి దీపం ఆరిపోతోంటే..." అని హైమావతి నసిగింది.

బయటి గాలి ఈ గదికి రావలసిన దారి అదొక్కటేనని ఆఫీసరమ్మ చెప్పింది. కొత్త రంగూ జిగురూ వదిలే విషమంతా లోపలే ఉంచి, మీద సెంటు కొట్టి, ఆపైన పొగ పెట్టారని కూడా చెప్పింది. తర్వాత వాసవి వైపు తిరిగింది. "మేనేజర్, గాలి గొట్టాలు బాగుచేసే మనుషులొచ్చి చూసేదాకా ఇక్కడెవరూ కూర్చోకూడదు. తరవాత కూడా కొన్నాళ్ళు తలుపు తెరిచే ఉంచాలి. ఎన్నాళ్ళో నువ్వు చూసుకో."

ఫైరింజన్లు వెళ్ళిపోయాక కోదండరామ్ గారు గుసగుసగా అన్నారు. "పిల్లల్ని వచ్చే వారం రమ్మని చెప్పమ్మా."

వాసవి మంచు కుప్ప ఎక్కింది. "మీటింగు ఉంది! మార్కమ్‌లో సార్ వాళ్ళింట్లో! ఆంటీ అందరికీ టీ పెడతారు!"

"అక్కా, బస్సు ఏదెక్కాలె?" అన్నాడు రేవంత్.

ఆ మధ్యాహ్నం హైమావతి తెల్ల సోఫాల మీద అరవైమంది కూర్చున్నారు. కోదండరామ్ గారు తన కష్టాలన్నీ మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. ఒక్కరి కళ్ళూ చెమర్చలేదు. "అసలుది ఎప్పుడు షురూ చేస్తరు సార్?" అని రేవంత్ మర్యాదగా అడిగాడు.

సోమవారం ఆ మనుషులొచ్చి జాలీ బాగుచేసి వెళ్ళాక, ఆయన కోటూ టోపీ వేసుకుని, తలుపు తెరిచి ఉన్న ఆఫీసులో వాసవి బల్ల ముందు నిలబడ్డారు.

"వాసవీ, ఆ మేనేజరు సంగతి... ఏదో ఆ నిమిషానికి అన్నానమ్మా."

"ఆవిడ మళ్ళీ చూడ్డానికొస్తానంది సార్. వస్తే ఏం చెప్పమంటారు? మీరు అబద్ధం ఆడారనా?"

ఆయన మెడకి మఫ్లర్ చుట్టుకున్నారు. "మరి తలుపు ఎప్పుడేద్దాం?"

"మా వాడికి దగ్గు పూర్తిగా తగ్గాక."

చింటు దగ్గు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ సంగతి మార్చి నెలాఖరు దాకా కోదండరామ్ గారికి ఎవరూ చెప్పలేదు.