చప్పుడు చేసే ఇంజను

పందొమ్మిది వందల అరవై అయిదులో వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో కరువు ఉన్నదా లేదా అన్న విషయం తేల్చడానికి ఒక సంఘం ఏర్పాటయింది. అప్పటికే బావులు అడుగంటాయి, పశువులు సంతలో దాణా ఖరీదుకు కూడా పోవడం లేదు. కాని అవన్నీ జనం చెప్పుకునే సంగతులు. సంఘం చూడనిదే కరువు కరువు కాదు గదా.

సంఘానికి అధ్యక్షులు నవాబుపేట పటేలు బాల్‌రాజ్ గారు. నేల మీద తిరిగి కరువును చూడటంలో ఉన్న లోపాన్ని ఆయన మొదటి సమావేశంలోనే పసిగట్టారు. నేల మీద తిరిగితే జనం అడ్డం పడతారు, ఏడుస్తారు, కాళ్లు పట్టుకుంటారు. ఆ గొడవలో కరువు సరిగా కనపడదు. పైనుంచి చూస్తే నిష్పక్షపాతంగా ఉంటుంది. అందుచేత హైదరాబాదులోని ఒక కంపెనీ దగ్గర రెండింజన్ల చిన్న విమానం కిరాయికి తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మహిళా సభ్యురాలు అరుణాదేవి తాండూరు ఆడపడుచు, వకీలు భార్య. "జీపుల పోతె సరిపోదా పటేల్ గారు?" అని ఆమె అడిగిన మాటను, "సభ్యురాలు హర్షం వెలిబుచ్చారు" అని రాసుకున్నారు.

అనుకున్న రోజు పొద్దున బేగంపేటలో తెల్ల ఉడుపులు, టోపీ ధరించిన పైలట్ ఎదురుగా రాగా, బాల్‌రాజ్ గారు పెద్ద ఆఫీసరనుకుని నమస్కారం చేశారు. దగ్గరికి వచ్చాక మొహం గుర్తుపట్టి, ఆ చేతులు విడదీసి ఒకదానితో చెవి గోక్కున్నారు.

"నువ్వు బిచ్చయ్య కొడుకువు గాదుర?"

"అవును పటేలా. మత్తయ్యను."

"మీ నాయిన మా జొన్నచేన్ల కావలి ఉండె."

"ఉండె పటేలా. మొన్నటేడు పోయిండు."

"అయితె జర జాగ్రత్తగ తోలు" అని పరామర్శ ముగించారు అధ్యక్షులు.

మత్తయ్య వికారాబాదులో మిషను బడిలో చదివి, వైమానిక దళంలో చేరి, అక్కడ పెద్ద విమానాలు నడిపి, సర్వీసు ముగించుకుని వచ్చి ఈ కంపెనీలో చేరినవాడు. గాలిలో ఎవరూ కులం అడగరన్న ఒక్క కారణానికే తాను ఆ పని ఎంచుకున్నానని భార్య పద్మమ్మతో అంటుండేవాడు. ఆ రోజు ఆయన ముందు సీట్లో, పక్కనే అధ్యక్షులు. నాయకులు ముందు ఉండవలెనన్నది నియమం. వెనక అరుణాదేవి, ఆమె పక్కన జనం ఇచ్చిన అర్జీల మూట, నాలుగు టిఫిన్ క్యారియర్లు, ఒక బత్తాయిల బుట్ట.

"పటేలా, నడుమ గీ కట్టెలున్నయి జూడుండ్రి. ఇంజన్ల జోరు వీటితోనే పెంచుడు, తగ్గించుడు. చెయ్యి పెట్టకుండ్రి" అన్నాడు మత్తయ్య.

"నాకెర్కలేదా?" అన్నారు బాల్‌రాజ్ గారు. ఆయన అంతవరకు విమానం ఎక్కలేదు.

వికారాబాదు మీదికి రాగానే అనంతగిరి కొండల మీద చెట్లు కనపడ్డాయి. "పచ్చగున్నది. ఈడ కరువు లేదు" అని తీర్పు చెప్పారు. తాండూరు దగ్గర నాపరాళ్ల గనులు బారులు తీరి కనపడ్డాయి. "అబ్బ, భూమి పలకలు పలకలుగ పగిలింది" అని జాలిపడ్డారు.

"అవి రాళ్ల గనులండి. మా నాయిన కాలం నుంచి గట్లనే ఉన్నయి" అన్నది అరుణాదేవి.

"పైనుంచి సూస్తె రెండు ఒకటే" అన్నారు అధ్యక్షులు. ఆ విధంగా ఏ ఊళ్లో కరువున్నదో, ఏ ఊళ్లో లేదో తేలిపోయింది.

పెద్దేముల్ వైపు మళ్లుతుండగా విమానం ఒక్క కుదుపు కుదిపి కుడివైపుకు ఈడ్చుకుపోయింది. టిఫిన్ క్యారియర్లు అరుణాదేవి ఒళ్లో పడ్డాయి. మత్తయ్య ఎడమ కాలితో పెడలును గట్టిగా తొక్కి విమానం ముక్కును తిన్నగా నిలిపాడు. విమానాన్ని నిలపడానికి ఎడమ కాలు పనిచేస్తున్నదంటే, పని లేకుండా ఉన్న కాలు కుడిది. ఏ వైపు కాలు ఖాళీగా ఉంటే ఆ వైపు ఇంజను పోయినట్టు. అయినా తొందరపడలేదు. కుడి కట్టెను కొంచెం వెనక్కి లాగి చూశాడు. ఏ మార్పూ లేదు. పోయింది కుడిదేనని రూఢి చేసుకుని, ఎడమ ఇంజను జోరు పెంచాడు. ఆగిన ఇంజను పంకా రెక్కలు గాలికి అడ్డంగా ఉంటే విమానాన్ని వెనక్కి లాగుతాయి గనుక, వాటిని కత్తి అంచులాగ గాలికి ఎదురుగా తిప్పి నిలిపేశాడు.

కుడివైపు ప్రశాంతంగా ఉంది. ఎడమ ఇంజను ఒక్కటే అందరి బరువూ మోస్తూ గొంతు చించుకుంటోంది.

పరిపాలనలో ఆరితేరిన బాల్‌రాజ్ గారికి దోషి ఎవరో వెంటనే అర్థమైంది. "గా ఎడమది మస్తు లొల్లి జేస్తున్నది. దాన్ని బంద్ జెయ్యి."

"పటేలా, పోయింది కుడిది. మనల్ని మోస్తున్నది ఎడమది."

"కుడిది నిమ్మలంగున్నది గదర. చప్పుడు లేదు, పొగ లేదు. తక్లీఫ్ ఇచ్చేది ఎడమది."

"జోడెడ్లల్ల ఒకటి కూలబడ్డదనుకోండ్రి. రెండోది బండిని గుంజుతున్నది. రొప్పదా?"

"రొప్పితె పొడువాలె. నడిచే ఎద్దునే పొడుస్తరు" అన్నారు అధ్యక్షులు. ఈ సూత్రం మీదే ఆయన తాలూకా అంతటినీ నడిపిస్తున్నారు గనుక అనుమానానికి తావు లేదు.

ఎండ మండుతోంది, గాలి పలచగా ఉంది, బరువు ఎక్కువగా ఉంది. విమానం మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. "బరువు తగ్గాలె. అక్కెర లేనివి పారేయండ్రమ్మా" అన్నాడు మత్తయ్య. అరుణాదేవి బత్తాయిల బుట్ట అందుకుంటే అధ్యక్షులు వారించి, అర్జీల మూట చూపించారు. జనం అర్జీలు చిన్న కిటికీలోంచి ఒక్కొక్కటే ఎగిరి, రాసినవాళ్ల ఊళ్ల మీదే పడ్డాయి. అంత త్వరగా అర్జీలకు జవాబు రావడం ఆ ప్రాంతంలో అదే మొదలు.

అంతలో బాల్‌రాజ్ గారి సహనం నశించింది. తన ఆజ్ఞ అమలు కాకపోవడం ఆయనకు కొత్త. చెయ్యి చాచి, ఎడమ ఇంజను కట్టెను పట్టుకుని వెనక్కి లాగారు.

ఒక్క క్షణం రెండు వైపులా ప్రశాంతమైంది. విమానం ముక్కు నేలవైపు వంగింది.

మత్తయ్య ఆయన చేతి మీద కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. చెయ్యి జారగానే కట్టెను ముందుకు తోశాడు. ఇంజను మళ్లీ గొంతెత్తింది. "చేతులు ఒళ్లె పెట్టుకొని కూసోండ్రి" అన్నాడు. ఆ గొంతులో పటేలా అన్న మాట లేదు.

ఎదురుగా పెద్దేముల్ పొలిమేరలో నున్నటి బీడు కనపడింది. వాన లేక విత్తనమే పడని చేను అది. రెండోసారి ప్రయత్నించే జోరు విమానానికి లేదు. మత్తయ్య వేగం పడిపోకుండా చూసుకుంటూ ఒకే ఊపున దాన్ని ఆ నేల మీద దింపాడు. దుమ్ము అణిగాక చూస్తే అందరూ బతికే ఉన్నారు. బత్తాయిలు కూడా.

మత్తయ్య అప్పుడు ఎడమ ఇంజను ఆపేశాడు. "దేవుడు మీ రూపంల వచ్చిండు మత్తయ్య గారు" అన్నది అరుణాదేవి, ఏడుస్తూ. బాల్‌రాజ్ గారు చెయ్యి నిమురుకుంటున్నారు.

చేను భాగమ్మ అనే ముసలామెది. దూరపు బావి నుంచి మోసుకొస్తున్న నీళ్లబిందెతో అక్కడికి వచ్చింది. అధ్యక్షులు దాహమన్నారు, ఆమె ఇచ్చింది, ఆయన తాగి, మొహం కడుక్కుని, కాళ్లు కూడా కడుక్కుని ఖాళీ బిందె తిరిగి ఇచ్చారు. చక్రాలు గీసిన చాళ్ల వైపు ఆమె కాసేపు చూసి, "దున్నుడైతె దున్నినవు. వానెవడిస్తడు?" అన్నది.

అప్పటికి ఊరు ఊరంతా చేరింది. బాల్‌రాజ్ గారు రెక్క మీదికి ఎక్కి ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా, ఇంజను మోసం చేసింది. కాని మీ ఆశీస్సులతో, నా చేతులతో ఈ విమానాన్ని ఒడ్డుకు చేర్చాను. ఈ చేనులో పైరే ఉంటే మా గతి ఏమయ్యేది? కరువు మా ప్రాణాలు నిలిపింది. అటువంటి కరువును నిందించడం కృతఘ్నత." జనం చప్పట్లు కొట్టారు.

ఇంతటితో సంగతి ముగిసేదే. కాని అధ్యక్షుల మీద చెయ్యి పడ్డదన్న వార్త ఎలాగో నవాబుపేట చేరింది. బిచ్చయ్య కొడుకు పటేలును కొట్టాడట. దానితో వికారాబాదు ముసాఫిర్ బంగళాలో విచారణ జరిపించవలసి వచ్చింది. ఇంజను ఎందుకు ఆగిందన్నది సాంకేతిక విషయం గనుక పక్కన పెట్టారు. చెయ్యి ఎందుకు లేచిందన్నది శాంతిభద్రతల విషయం.

"ప్రజాప్రతినిధిని కొట్టే అధికారం మీకు ఏ నిబంధన కింద సంక్రమించింది?" అని అడిగారు విచారణాధికారి.

"ఆయన చేతి మీద కొట్టకపోతె అందరం నేల మీద కొట్టుకుంటుంటిమి సార్."

"జరగని దాని గురించి మాట్లాడకండి. జరిగింది కొట్టడం ఒక్కటే."

ఒక సులువైన దారి కూడా చూపించారు. నలుగురిలో పటేలు గారి కాళ్లు మొక్కితే ఫైలు మూసేస్తారు. ఆ రాత్రి పద్మమ్మ కూడా బతిమాలింది. "మొక్కరాదా? కాళ్లేమన్న అరుగుతయా? నువ్వు ఎగురకుంట బతకలేవు, నాకెర్క."

"మొక్కితె తప్పు నాదైతది. రేపు ఇంకో పైలట్ కట్టె పట్టనిస్తడు. అందరు సస్తరు" అన్నాడు మత్తయ్య.

మర్నాడు సాక్షిగా అరుణాదేవిని పిలిచారు. వచ్చే సంఘంలో ఆమెను ఉపాధ్యక్షురాలిని చేస్తారని ముందురోజే కబురందింది. ఆమె నిలబడి, "అవును, కొట్టిండు. ఆయన కొట్టకపోతె వెనకనుంచి నేనే కొడుతుంటి. చెంప మీద" అన్నది. అధికారి "అవును, కొట్టాడు" అన్నంత వరకు రాసుకుని, విషయానికి సంబంధం లేని మిగతా మాటలు వదిలేశారు. మత్తయ్యను విమానాలు నడపకుండా నిలిపేశారు. అరుణాదేవికి ఉపాధ్యక్ష పదవి రాలేదు.

మత్తయ్య వికారాబాదులోనే ఉండి నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. బావులలో నీళ్లు లేవు గనుక ఇంజన్లు పెద్దగా చెడిపోయేవి కావు. పై నుంచి ఏదన్నా చప్పుడు వినపడితే చేతిలోని పానా కిందపెట్టి, అది మాయమయ్యేదాకా తలెత్తి చూసేవాడు.

మరుసటి ఏడు కరువు మళ్లీ వచ్చింది, సంఘం మళ్లీ ఏర్పడింది. ఈసారి వినయవిధేయతలు ప్రధాన అర్హతగా ఒక పైలట్‌ను ఎంపిక చేశారు. అధ్యక్షులు ఏది చెబితే అది చేస్తానని అతడు రాసిచ్చాడు. ఆ రాసిచ్చినదాన్ని బాల్‌రాజ్ గారు సభలో చదివి వినిపించి, ఇటువంటి యువకులే దేశానికి కావాలన్నారు.

సభ ముగిశాక ఆయన ఒంటరిగా మత్తయ్య ఇంటికి వచ్చారు. ఒక పటేలు గడప దాటి లోపలికి వచ్చి కూర్చోవడం, బిచ్చయ్య వంశ చరిత్రలో అదే మొదలు.

"మత్తయ్యా, నువ్వే తోలాలె. గాడు నేనేది జెప్తె అది జేస్తడట. నాకు నిద్ర వడుతలేదు."

మత్తయ్య నవ్వలేదు. "నా మీద నిలుపుదల ఉన్నది గద పటేలా."

"గది నేను తీపిస్త. కాగితాల మాత్రం తప్పు నీదే ఉంటది. సభల మాట వేరే, పానం మాట వేరే."

"మల్ల మీరు కట్టె మీద చెయ్యి పెడితె?"

పటేలు గారు తలుపువైపు చూసి, బయట ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు తగ్గించారు. "కొట్టు. గని ఎవరు సూడకుంట కొట్టు."

గోడకు వేలాడుతున్న టోపీ వైపు పద్మమ్మ చూసింది. మత్తయ్య లేచి దాన్ని దులిపాడు.

అందుచేత ఆ ఏడు విమానంలో వెనక సీట్లు ఖాళీగా పోయాయి. సభ్యులనెవరినీ ఎక్కించలేదు. బాల్‌రాజ్ గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని, ఇంజన్ల గురించి ఒక్క మాట కూడా అనకుండా కరువంతా చూసి వచ్చారు. దిగిన తర్వాత తాండూరులో పెద్ద సభ జరిగింది. చప్పుడు చేసేవాళ్లను ఎక్కడికక్కడ బంద్ చేస్తేనే దేశం ముందుకు పోతుందని ఆయన ఉపన్యసించారు.

చప్పట్లు మార్మోగాయి. ఆ సభలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. మన చేతుల మీద కొట్టేవాడే లేడు.