పాతిక కిలోల కారం

ఆ ఉదయం ఆదెయ్య అనుకున్న పని ఒక్కటే, కారం మిల్లుకి కొత్త బెల్టు వేయడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మూడు నెలలే మిల్లుకి సీజన్. భార్య బతికున్న రోజుల్లో జనం వినుకొండ రోడ్డు మీదికి వరస కట్టేవాళ్లు. ఆవిడ ప్రతి మనిషినీ పలకరించేది. ఆవిడ పోయాక ఆ పని ఆదెయ్య మీద పడింది. "తొడిమలు తీశారా? తియ్యలేదా? పట్టుకుపోండి." ఇదీ అతని పలకరింపు. రెండేళ్లలో సగం ఊరు ప్యాకెట్ కారానికి మళ్లింది. ఈ సీజన్ కూడా ఇంతే అయితే మిల్లు అమ్మేయాలి. బేరం కూడా వచ్చి ఉంది.

బెల్టు బిగిస్తుండగా తమ్ముడి కూతురు జ్యోతిర్మయి వచ్చింది. చిన్నప్పటి నుంచి గుంటూరు హాస్టళ్లలో చదువుకుని, డిగ్రీ అయి, కంప్యూటర్ నేర్చుకుని ఇల్లు చేరిన పిల్ల.

"పెదనాన్నా, మన మిల్లు పేరుమీద ఆర్కుట్‌లో కమ్యూనిటీ పెట్టా."

"అంటే?"

"ఇంటర్నెట్‌లో మన గురించి చెప్పుకోడం. అసలు మన గురించి కాదు, మన దగ్గరికొచ్చేవాళ్ల గురించి. వాళ్ల ఫొటో, పేరు, ఏం పట్టించారో రాస్తాం. తమ బొమ్మ తాము చూసుకుంటే జనం మళ్లీ వస్తారు."

"గోడకి అద్దం తగిలిస్తే సరిపోదా?"

"అబ్బ, పెదనాన్నా!"

"నా చేతులకి అడ్డం రాకుండా ఏమన్నా చేసుకో."

మొదట దొరికింది శివపార్వతి. కొడుకు త్రినాథ్ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ అని ఊరి లెక్క. ఒక్క ఫొటో అంటే, ఫోనులో దాచుకుంటుంది కాబోలనుకుని, ఆవిడ కొంగు సర్దుకుని నవ్వింది. సాయంత్రానికి ఆ నవ్వు కింద జ్యోతిర్మయి ఇలా రాసింది. "మా గౌరవనీయ కస్టమర్ శివపార్వతి గారు. పాతిక కిలోల మిర్చి, మూడు కిలోల పసుపు. నమ్మకమంటే ఇదీ!"

ఆ పిల్లకి కంప్యూటర్ తెలుసు, ఊరు తెలియదు. ఆ చుట్టుపక్కల ఇంటికి ఏడాది కారం అయిదు కిలోలు. పచ్చళ్లకి కలిపితే పది. పది దాటి, వెంట పసుపు కూడా పట్టించారంటే ఆ ఇంట్లో పెళ్లి. అందుకే ఎవరెంత పట్టించారో మిల్లువాడు నోరు విప్పడు. ఆదెయ్య ఈ సంగతి చెప్పలేదు. ఆ పిల్ల అడగలేదు.

ఊళ్లో ఆర్కుట్ చూసే కుర్రాళ్లు పదిమందే. కాని ఆ పదిమందికీ తల్లులున్నారు.

మర్నాడు పొద్దున్నే షామియానాల జాన్ బాషా వచ్చాడు. "త్రినాథ్ బాబు ముహూర్తం ఎప్పుడండీ?"

"నేనేమన్నా పురోహితుణ్ణా?"

"పాతిక కిలోలు పట్టింది మీరేగా!"

అతను వెళ్తుండగానే బ్యాండు మేళం నడిపే మార్కు వచ్చి సైకిలు దిగాడు. "బాషాకి చెప్పి నాకు చెప్పలేదే! నేనేం తప్పు చేశానండీ?"

మూడోరోజు శివపార్వతి పరుగున వచ్చి జ్యోతిర్మయి చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని చేశావమ్మా! మా అన్న చీమకుర్తి నుంచి ఫోన్ చేసి తిట్టిపోశాడు. వాళ్లమ్మాయి మాధురిని కాదని ఎవర్ని తెచ్చుకుంటున్నావే అని."

"మరి ఆ కారం పెళ్లికి కాదా అత్తా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "త్రినాథ్‌కి ఉద్యోగం పోయి ఆర్నెల్లయిందమ్మా. కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. అది వాడికోసం. మీ పెదనాన్నే బస్సు మీద వేయించాడు. మా అన్నకి తెలిస్తే పిల్లనివ్వడు."

"అయితే పెళ్లి లేదని రాసేస్తా."

రాసేసింది. "శివపార్వతి గారింట్లో పెళ్లి లేదు. పొరపాటుకు క్షమించండి." చీకటి పడేసరికి త్రినాథ్ పెళ్లి తప్పిపోయిందని ఊరంతా తేలిపోయింది. కుర్రాడికి మూర్ఛ ఉందని ఒకరు, ఇదివరకే ఒక పెళ్లయిందని ఒకరు. ఆడవాళ్లు ఓదార్చడానికి బయల్దేరారు. మిల్లుకి మాత్రం ఎవరూ రాలేదు. ఇంటి గుట్టు బయటేసే మిల్లు ఎవరికి కావాలి? రెండురోజులు మోటారు తిరగలేదు. బేరగాడు ఫోన్ చేసి, చెప్పిన ధర తగ్గించాడు.

మూడోనాడు శివపార్వతి రెండు రాతలూ తీసేయమని బతిమాలుతుండగా మిల్లు ముందు జీపు ఆగింది. అన్న బాలస్వామి దిగాడు. వెనకాలే చూడటానికి జనం చేరారు.

"ఏమే పార్వతీ, పెళ్లన్నారు, తప్పిందన్నారు. వాడిలో లోపమేంటో చెప్పు. పిల్లనిద్దామనుకున్నవాణ్ణి, నాకు తెలియాలి."

"లోపమేం లేదన్నయ్యా..."

"మరి పాతిక కిలోల కారం ఎవరు తిన్నారే? నువ్వా?"

శివపార్వతి ఆదెయ్య వైపు చూసింది. ఆ చూపులో ఏముందో ఆదెయ్యకి తెలుసు. చప్పుడు లేని మోటారు కూడా అతనికి కనిపిస్తూనే ఉంది.

"పెళ్లీ లేదు, తప్పడమూ లేదు," అన్నాడు. "వాడి ఉద్యోగం ఊడింది. కూకట్‌పల్లిలో కూరలమ్ముకుంటున్నాడు. కారం దానికే. ఇంక నా మిల్లుని వదిలిపెట్టండి."

శివపార్వతి మిరపకాయల బస్తా మీద కూలబడింది. బాలస్వామి మీసం ఒకసారి దువ్వుకున్నాడు.

"రోజుకెంతమంది వస్తారు?"

"రెండొందల మంది దాకా," అంది ఆవిడ ఏడుస్తూ. "ఇద్దర్ని జీతానికి పెట్టుకున్నాడు."

"ఓసి నీ తెలివి తెల్లారా! మాధురికి ఈ ఏడాది రెండు సాఫ్ట్‌వేర్ సంబంధాలొచ్చాయి. ఇద్దరికీ ఉద్యోగాలు పోయి, ఇంట్లో పడుకుని టీవీ చూస్తున్నారు. వీడు ఇద్దరికి జీతాలిస్తుంటే ఆ మాట కొంగులో మూటగట్టుకు తిరుగుతున్నావా?" తర్వాత మిల్లు వైపు తిరిగాడు. "ఆదెయ్యా, యాభై కిలోలు పట్టాలి. పసుపు వేరే."

జ్యోతిర్మయి ఫోన్ తియ్యాలా వద్దా అని తటపటాయించింది.

"తియ్యమ్మా," అన్నాడు బాలస్వామి. "ఈసారి నిజమే రాయి."

జ్యోతిర్మయి రాసిన యాభై కిలోల కబురు ఊరంతా పాకి, వారం తిరక్కుండా మిల్లు ముందు రోడ్డు మీద మళ్లీ వరస కనిపించింది. ఆదెయ్య బేరగాడికి లేదని చెప్పేశాడు. వచ్చినవాళ్లలో సగంమంది, ఎవరింట్లో ఎన్ని కిలోలో చూసిపోవడానికే వస్తున్నారు. మిరపకాయలు లేనివాళ్లు లోపలికి రాకూడదని ఆదెయ్య అట్టముక్క మీద రాసి కట్టాడు. మర్నాటి నుంచి వాళ్లు తలా పావుకిలో పట్టుకొచ్చారు.

ఆదెయ్య పావుకిలోకీ కిలో కూలే తీసుకున్నాడు.